రాజభవనం లేని నగరానికి రాజభవనం: సింధు నగర నమూనా పెట్టెపై ఒక సమీక్ష

నల్లగొండకు దగ్గరలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను సాంఘిక శాస్త్రం బోధిస్తాను. సింధు నాగరికత పాఠం వచ్చిన ప్రతి ఏడాదీ నల్లబల్ల మీద ఒక స్నానవాటికను, దాని పక్కన ఒక మురుగు కాలువను గీయడం, పిల్లలు వాటిని నోటు పుస్తకాల్లోకి దింపుకోవడం, పరీక్షలో అదే బొమ్మ తిరిగి నా ముందుకు రావడం ఆనవాయితీగా జరుగుతూ వచ్చింది. ఈ ఏడాది బడులు తెరిచిన కొత్తలో క్లాక్ టవర్ దగ్గర ఉన్న ఒక పుస్తకాల దుకాణంలో "సింధు నగరాన్ని మీరే కట్టండి" అని రాసి ఉన్న పెద్ద అట్టపెట్టె కనిపించింది. దాని మీద ముద్రించిన ధర 2,200 రూపాయలు. బడి కోసమని చెబితే దుకాణదారు 1,850 రూపాయలకు ఇచ్చారు. ఒక నెల రోజుల పాటు ఎనిమిది పీరియడ్లలో ఆ పెట్టెను పూర్తిగా వాడిన తరువాత, నాలాంటి ఉపాధ్యాయులకూ, పిల్లలకు కొనిపెట్టాలనుకునే తల్లిదండ్రులకూ పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

పెట్టెలో 240 చిన్న మట్టి ఇటుకలు, బావి కట్టడానికి ఒకవైపు సన్నగా ఉండే మరో 48 ఇటుకలు, కలుపుకొని వాడే సున్నం వంటి పొడి, ప్లాస్టిక్ కాలువ ముక్కలు, వాటి మీద కప్పే పలకలు, ఏడు తూకపు రాళ్ళు, ఒక చిన్న తక్కెడ, ఒక ముద్ర, కొన్ని విగ్రహాలు, ఒక పటం, తెలుగులో 32 పేజీల పుస్తకం ఉన్నాయి. తయారీదారుల శ్రద్ధ అంతా ఇటుకల మీద, తూకపు రాళ్ళ మీద పడినట్టుంది. విగ్రహాల దగ్గరికీ పుస్తకం దగ్గరికీ వచ్చేసరికి ఆ శ్రద్ధ పలచబడింది.

ముందుగా ఇటుకల గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ పెట్టెను కొనడానికి అవొక్కటే చాలినంత కారణం. ఒక్కో ఇటుక 7 మిల్లీమీటర్ల మందం, 14 మిల్లీమీటర్ల వెడల్పు, 28 మిల్లీమీటర్ల పొడవు ఉంది. అంటే మొహెంజొదారో, హరప్పా ఇళ్ళలో వాడిన 7, 14, 28 సెంటీమీటర్ల ఇటుకకు సరిగ్గా పదో వంతు. కోట గోడలకు వాడిన పెద్ద ఇటుకలు 10, 20, 40 సెంటీమీటర్లు ఉండేవి. కొలత ఏదైనా ఒకటికి రెండు, రెండుకు నాలుగు అన్న పాళ్ళు మారలేదు. ఒకటి సింధు నది దగ్గర, మరొకటి రావి నది దగ్గర, ఆరు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రెండు నగరాల్లో ఒకే పాళ్ళు పాటించారన్న విషయాన్ని నేను చాలా ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాను కాని, అది పిల్లలకు ఎప్పుడూ ఆశ్చర్యంగా అనిపించలేదు. ఈసారి అనిపించింది. మా ఏడో తరగతిలో తల్లిదండ్రులు ఇటుక బట్టీలో పనిచేసే ఒక అమ్మాయి ఉంది. ఆమె ఆ చిన్న ఇటుకను అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసి, "మా బట్టీల ఇటుక గిట్లుండదు సార్, నడుమ గుంట ఉంటది, ఇంకింత మందముంటది" అన్నది. స్కేలు పెట్టి కొలవమన్నాను. కొలిచింది. రెండు ఇటుకలను పక్కపక్కన అడ్డంగా పెడితే వాటి వెడల్పు ఒక నిలువు ఇటుక పొడవుతో సమానం కావడం తనంతట తానే గమనించి, కింది వరుసను నిలువుగా, పై వరుసను అడ్డంగా పేర్చడం మొదలుపెట్టింది. జాయింటు మీద జాయింటు పడకూడదని మన మేస్త్రీలు చెప్పే మాటను, నాలుగున్నర వేల ఏళ్ళ కిందటి మేస్త్రీలు ఇటుక కొలతలోనే ఎలా ఇమిడ్చారో నేను నోరు విప్పకముందే తరగతి అంతటికీ అర్థమైంది.

ఇటుకల నాణ్యత కూడా బాగుంది. అవి నిజంగా కాల్చిన మట్టివే. రాత్రంతా నీటిలో నానబెట్టినా కరగలేదు. హరప్పా దిబ్బల్లోని ఇటుకలు ఎంత గట్టివంటే, 1850ల్లో లాహోర్, ముల్తాన్ మధ్య రైలు మార్గం వేసినప్పుడు గుత్తేదారులు వాటిని తవ్వుకుపోయి పట్టాల కింద కంకరకు బదులుగా పరిచారు. ఒక నగరం ఆ విధంగా చాలావరకు చెదిరిపోయిన కొన్ని దశాబ్దాలకు, 1921లో పురావస్తు శాస్త్రవేత్త దయారామ్ సాహ్నీ అక్కడ తవ్వకాలు ప్రారంభించారు. మరుసటి ఏడాది ఆర్. డి. బెనర్జీ మొహెంజొదారోలో తవ్వారు. రెండింటిలోనూ ఒకే రకమైన ముద్రలు, ఒకే రకమైన ఇటుకలు దొరకడం వల్లనే, ఇవి ఒకే నాగరికతకు చెందినవని 1924లో పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్ లోకానికి ప్రకటించగలిగారు. ఈ రైలు పట్టాల సంగతి పెట్టెతో వచ్చిన పుస్తకంలో లేదు. ఉండవలసింది.

పుస్తకంలో ఇటుకల విషయంలోనే ఒక పొరపాటు ఉంది. ప్రతిచోటా "కాల్చిన ఇటుకలు" అనడానికి బదులు "కాలిపోయిన ఇటుకలు" అని అచ్చువేశారు. పిల్లలు దాన్ని ఉన్నది ఉన్నట్టు చదివి, ఆ ఊరు మంటల్లో కాలిపోయిందా అని అడిగారు. ఒక్క మాట మార్పుతో చరిత్రే మారిపోతుంది కనుక, పాఠశాలలకు అమ్మే పుస్తకాన్ని తెలుగు తెలిసినవారు ఒకరు అచ్చుకు ముందు చదవడం తప్పనిసరి.

బావి ఇటుకలు మరో మంచి భాగం. ఒక చివర వెడల్పుగా, మరో చివర సన్నగా ఉండే ఈ ఇటుకలను గుండ్రంగా పేరిస్తే చుట్టూ ఉన్న మట్టి ఎంత ఒత్తిడి పెడితే అవి అంతగా ఒకదానినొకటి పట్టుకుంటాయి. మేము బావి వరను పేర్చి, దాని చుట్టూ ఇసుక పోసి, అరచేతులతో గట్టిగా అదిమాము. ఒక్క ఇటుక కూడా లోపలికి జారలేదు. మొహెంజొదారోలో సుమారు 700 బావులు ఉండి ఉంటాయని పరిశోధకుల అంచనా. ఫ్లోరైడ్ నీటితో ఒంకర్లు తిరిగిన కాళ్ళను చూస్తూ పెరిగిన ప్రాంతం మాది. ఇంటింటికీ అందుబాటులో మంచినీటి బావి అన్న మాట వినగానే వెనుక బెంచీలు కూడా నిశ్శబ్దమయ్యాయి.

కాలువల నమూనా ప్లాస్టిక్‌దైనా, ఆలోచనతో చేసినది. ఇంటి స్నానపు గది నుంచి వచ్చే చిన్న కాలువ వీధి కాలువలో కలిసే చోట ఒక గుంట ఉంది. నీటిలో కాస్త ఇసుక కలిపి పోస్తే ఇసుక ఆ గుంటలో ఆగిపోయి, నీరు ముందుకు పోతుంది. పైన పలకలు తీసి గుంటను శుభ్రం చేసుకోవచ్చు. అసలు నగరంలోనూ మురుగు కాలువలను ఇటుకలతో కట్టి, ఇటుకలతోనో రాతి పలకలతోనో కప్పి, చెత్త ఆగే గుంటలను వదిలారు. మా పిల్లలకు మోరి అంటే తెరిచి ఉన్నదే. వర్షాకాలంలో దానిని దాటడానికి షాబాదు బండ ఒకటి అడ్డంగా వేసుకుంటారు. "గన్ని మోరీలకు గన్ని బండలు ఎవరేసిన్రు సార్?" అని ఒకడు అడిగాడు. వెంటనే మరో అమ్మాయి, "ఏసుడు సరే, గుంటల చెత్త ఎవరు తీసిన్రు?" అన్నది. ఇరవై ఏళ్ళ బోధనలో ఈ పాఠం మీద నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. ఆ పనివారి ముఖాలు ఏ ముద్ర మీదా లేవు. వారు శుభ్రం చేసిన గుంటలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. ఆ రోజు మిగిలిన పీరియడ్ అంతా ఒక నగరం నడవాలంటే తెల్లవారుజామున ఎవరెవరు లేవాలి అన్న జాబితా రాయడంలో గడిచింది. పాఠ్యాంశం వెనకబడినా నాకు విచారం లేదు.

తూకపు రాళ్ళ విషయంలో మెప్పూ ఉంది, ఫిర్యాదూ ఉంది. హరప్పా ప్రజలు గట్టి చెర్ట్ రాతిని ఘనాకారంలో నున్నగా చెక్కి తూకపు రాళ్ళుగా వాడారు. చిన్న తూకాలు ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్ఫై రెండు, అరవై నాలుగు అని రెట్టింపు అవుతూ పోతాయి. వాటిలో ఎక్కువగా దొరికినది పదహారు తూకం, బరువు దాదాపు 13.7 గ్రాములు. పెట్టెలో ఈ ఏడూ ఉన్నాయి. వాటిని మా ఊరి అవుసలి దుకాణానికి తీసుకుపోయి ఎలక్ట్రానిక్ కాటా మీద తూచాము. మొదటి ఆరు రాళ్ళు చక్కగా వచ్చాయి. పదహారు తూకం రాయి 13.7 గ్రాములు, ముప్ఫై రెండు తూకం రాయి 27.3 గ్రాములు తూగాయి. 54.8 గ్రాముల దగ్గర ఉండవలసిన అరవై నాలుగు తూకం రాయి మాత్రం 49.1 గ్రాములే ఉంది. అడుగున బోలుగా ఉండటమే కారణం. సరైన తూకానికి పేరుపొందిన ప్రజల గురించి చెప్పే పెట్టెలో తక్కువ తూగే రాయి పెట్టడం నాకు నిజంగా బాధ కలిగించింది. కొవ్వొత్తి మైనం కరిగించి, కొన్ని ఇనుప రజను రేణువులు కలిపి, ఆ బోలును నింపి, అవుసలి ముందే కూర్చుని సరిచేసుకున్నాము.

అయినా ఆ తూకపు రాళ్ళు తరగతిలో చేసిన పని గొప్పది. చింతగింజలను తూచమని నాలుగు చిన్న రాళ్ళే ఇచ్చాను. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అన్న ఈ నాలుగింటితో ఒకటి నుంచి పదిహేను వరకు ఏ తూకమైనా తూచవచ్చని పిల్లలు అరగంటలో కనిపెట్టారు. పదకొండు ఎలా అని ఒకరినొకరు సవాలు చేసుకుని, ఎనిమిది, రెండు, ఒకటి కలిపి తక్కెడ ముల్లు నిలబెట్టారు. ఒక పిల్లవాడి నాయనమ్మకు సేరుకు పదహారు ఛటాకులని ఇంకా గుర్తుంది. 1957 వరకు రూపాయికి పదహారు అణాలు ఉండేవని, పదహారణాలు అన్న మాట అక్కడి నుంచే మిగిలిందని నేను చెప్పాను. హరప్పా తూకం నుంచే అణాలు వచ్చాయని చెప్పడం నా ఉద్దేశం కాదు. సగంలో సగం చేసుకుంటూ పోయే లెక్క, తక్కెడ పట్టుకునే చేతికి ఎంత సులువో చూపడమే నాకు కావలసింది.

మహాస్నానవాటిక నమూనా గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. అసలుది సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతు. రెండు వైపుల మెట్లు, నీరు ఇంకకుండా తారు పూత ఉన్నాయి. పెట్టెలో తారుకు బదులు నల్ల కాగితం ఇచ్చారు. అది పది నిమిషాల్లో నానిపోయింది. సైకిల్ ట్యూబు ముక్క వేస్తే నీరు నిలిచింది.

ముద్ర ఒంటికొమ్ము జంతువుది, ప్లాస్టిక్‌తో చేసినది. అచ్చు స్పష్టంగా పడుతుంది. అసలు ముద్రలను మెత్తటి బలపపు రాతి మీద, గుర్తులు తిరగబడి ఉండేలా చెక్కి, తరువాత కాల్చి గట్టిపరిచేవారు. బలపం అన్న మాట వినగానే పిల్లలకు అది ఎంత మెత్తనిదో వేరే చెప్పనక్కరలేకపోయింది. పెట్టెలో లేని ఒక పని ఇక్కడ చేయమని సూచిస్తాను. గోనె మూతిని సుతిలితాడుతో కట్టి, ఆ ముడి మీద తడి మట్టి ముద్ద అంటించి, దాని మీద ముద్ర వేయండి. ఆరాక తీసి వెనుకవైపు చూస్తే తాడు పేట్లు, గోనె నేత అచ్చుపడి ఉంటాయి. గుజరాత్‌లోని లోథాల్‌లో దొరికిన మట్టి ముద్రల వెనుక ఇలాంటి గుర్తులే ఉన్నాయి. వాటిని బట్టే సరుకు మూటలకు ముద్రలు వేసేవారని మనకు తెలిసింది. రిజిస్టరు పార్సిలు మీద లక్క ముద్ర చూసిన పెద్దవారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

ఇక నాకు ఒప్పుదల కాని విషయాలకు వస్తాను. పుస్తకంలో ముద్ర కింద "అర్థం" అని ఒక వాక్యం అచ్చువేశారు. సింధు లిపిని ఇంతవరకు అందరూ అంగీకరించే విధంగా ఎవరూ చదవలేదు. గుర్తులు సుమారు నాలుగు వందలు, ఒక్కో రాతలో సగటున అయిదు గుర్తులు మాత్రమే ఉన్నాయి, రెండు భాషల్లో పక్కపక్కన రాసిన శాసనం ఒక్కటీ దొరకలేదు. చదవని లిపికి అర్థం రాసి పిల్లల చేతికి ఇవ్వడం తప్పు.

రెండోది, ఆరు ముక్కలుగా బిగించే ఒక రాజభవనం. దానికి సింహాసనం కూడా ఉంది. సింధు నగరాల్లో ఇది రాజభవనం అని నిశ్చయంగా చెప్పగల కట్టడం ఇంతవరకు బయటపడలేదు. అదే కాలంలో ఈజిప్టు ఫారోలు పిరమిడ్లు కట్టించుకున్నారు, మెసొపొటేమియా రాజులు తమ పేర్లను శాసనాల్లో చెక్కించుకున్నారు. ఇక్కడ మాత్రం కాలువలు, బావులు, తూకాలు, ఒకే కొలత ఇటుకలు ఉన్నాయి కాని, వాటిని చేయించిన వారి పేరు ఒక్కటీ లేదు. ఈ నాగరికతలో నన్ను అన్నింటికంటే ఎక్కువగా ఆకట్టుకునేది ఆ లోటే. దానిని ప్లాస్టిక్ మేడతో పూడ్చేశారు. పెట్టెలో ఉన్న గుర్రపు రథం, ఇనుప రంగు వేసిన కొడవలి కూడా ఇలాంటివే. సింధు ముద్రల మీద ఎద్దు, ఏనుగు, ఖడ్గమృగం, పులి కనిపిస్తాయి కాని గుర్రం కనిపించదు. వారు రాగి, కంచు వాడారు, ఇనుము వాడలేదు. రథానికి బదులు అక్కడ నిజంగా దొరికిన మట్టి ఎడ్లబండి బొమ్మను ఇచ్చి ఉంటే, మా పిల్లలు దానిని చూడగానే తమ ఊరి బండితో పోల్చి ఉండేవారు.

మూడోది పటం. సింధు, రావి నదులు, సరిహద్దు నగరాలు సరిగానే ఉన్నాయి. దక్కన్ అంతటా ఆకుపచ్చ రంగు పూసి "ఆ కాలంలో ఇక్కడ అడవులు" అని రాశారు. కృష్ణా నది ఒడ్డున పుట్టి పెరిగిన పిల్లలకు ఇది చూపించడానికి నా మనసు ఒప్పలేదు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అనే ఊరు ఉంది. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు కాదు, కృష్ణకు దగ్గరగా ఉన్నది. అక్కడి బూడిద దిబ్బను 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్. ఆర్. ఆల్చిన్ తవ్వారు. అది ఒక పశువుల దొడ్డి. కొయ్య గుంజలు పాతి కంచె కట్టారు, లోపల పేరుకున్న పేడను మళ్ళీ మళ్ళీ కాల్చారు, ఆ పొరల మీద పశువుల గిట్టల అచ్చులు అలాగే నిలిచి ఉన్నాయి. దాని కాలం క్రీస్తుపూర్వం మూడో సహస్రాబ్ది. అంటే మొహెంజొదారోలో ఇటుక గోడలు లేస్తున్న రోజుల్లోనే మన వైపు ఆవుల మందలు సాయంత్రం దొడ్డికి చేరుతున్నాయి. ఇది నగరం కాదు, నిజమే. ఖాళీ అడవి కూడా కాదు. "గప్పుడు గూడ గీడ ఆవులున్నయా సార్?" అని అడిగిన పిల్లవాడు మరుసటి రోజు ఇంటి నుంచి పొట్లంలో పిడకల బూడిద తెచ్చాడు. పటం మీద కృష్ణ వంపు దగ్గర జిగురు రాసి ఆ బూడిదను చల్లి, పక్కన ఊరి పేరు రాశాము. తరువాతి కాలపు ముడుమాల నిలువురాళ్ళు కూడా ఆ వైపువే. 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. కాలం వేరు కనుక వాటిని ఈ పటంలో చేర్చలేదు.

చివరి రెండు పీరియడ్లలో పెట్టెలోని వస్తువులన్నింటినీ బల్ల మీద పెట్టి, తవ్వకాల్లో దొరికినవి ఒకవైపు, దొరకనివి ఒకవైపు విడదీయమన్నాను. మేడ, రథం, కొడవలి తేలికగానే ఒక బిస్కెట్ డబ్బాలోకి వెళ్ళాయి. పేచీ వచ్చింది గడ్డం మనిషి విగ్రహం దగ్గర. మొహెంజొదారోలో దొరికిన ఆ రాతి విగ్రహం ఎత్తు 17.5 సెంటీమీటర్లు. పెట్టెలోని నమూనా కూడా అంతే ఉంది, భుజం మీది మూడాకుల బొమ్మల వస్త్రం చక్కగా వచ్చింది. కింద "పూజారి రాజు" అని రాసి ఉంది. ఆ పేరు తవ్వకందారులు ఊహించి పెట్టినది. పావుగంట వాదించుకున్నాక, విగ్రహాన్ని దొరికినవాటిలో ఉంచి, పేరున్న చీటీని మాత్రం చించి డబ్బాలో వేశారు.

కొనవచ్చా అంటే, బడికైతే తప్పక కొనవచ్చు. ఇంట్లో ఒక్క పిల్లవాడికి 1,850 రూపాయలు ఎక్కువే, ఎందుకంటే గోడ కట్టడానికీ తూచడానికీ కనీసం నలుగురైదుగురు ఉంటేనే దీని ఫలితం కనిపిస్తుంది. కొనేటప్పుడు దుకాణంలోనే అరవై నాలుగు తూకం రాయిని తిరగేసి అడుగు చూడండి. బోలుగా ఉంటే మరో పెట్టె అడగండి. సున్నం పొడి ఒక్కసారికే సరిపోతుంది కనుక, రెండోసారి గోడ కట్టడానికి మెత్తగా జల్లించిన చెరువు మట్టి వాడండి, ఇటుకలు విడదీయడం కూడా దానితోనే సులువు. పుస్తకంలోని తప్పులను, తక్కువ తూగిన రాయిని, దక్కన్ పటాన్ని గురించి తయారీదారులకు రెండు పేజీల ఉత్తరం రాసి, ఉట్నూరు తవ్వకం వివరాలు జతచేసి పంపాను. వచ్చే ముద్రణలో కనీసం ఆ మేడను తీసేసి, దాని ధరకు మరో వంద ఇటుకలు కలిపితే చాలు.